రన్‌వే మీద ధాన్యం

కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివితే తిట్టినట్టుంటుందని పెర్సిస్‌కి అనిపించింది.

"రన్‌వేపై ధాన్యం ఆరబోసినవారు వెంటనే ఖాళీ చేయవలెను. లేనియెడల ధాన్యం స్వాధీనం చేసుకోబడును." రెండుసార్లు మనసులో చదువుకుని, హెడ్‌ఫోన్ మెడ మీదికి జార్చి, అద్దం అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న అమరేశ్వరరావు వైపు చూసింది.

"ఇదేంటండీ, లాఠీ పట్టుకుని వచ్చినట్టుంది?"

"వాళ్లు పంపింది అదేనమ్మా. మనది చదవడం వరకే."

ఏలూరు పవర్‌పేటలో అమరేశ్వరరావుకి మైకుసెట్ల షాపు ఉంది. ముందు గదిలో ఆంప్లిఫయర్లు, బాకాలు, చుట్టలు చుట్టిన వైర్లు. వెనక గదిలో రికార్డింగు. బయట ఆటోల మోత లోపలికి రాకుండా ఆ గది గోడలకి పాత తివాచీ ముక్కలు మేకులు కొట్టి తగిలించాడు. ఆ ఉన్ని వాసనలో కూర్చుని పెర్సిస్ చీరల ఎగ్జిబిషన్ దగ్గర్నుంచి పోలియో చుక్కల దాకా అన్నీ చదివింది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ప్రచారం ఆటోల మీద తిరిగే ఆడగొంతు ఆమెదే. మనిషిని చూసి ఎవరూ గుర్తుపట్టరు. బజారులో వంకాయలు ఎలాగమ్మా అని అడిగితే మాత్రం కొట్టువాడు చప్పున తలెత్తి, ఈవిడ్ని ఎక్కడ చూశానా అని తడుముకుంటాడు.

ఈసారి ప్రచారం ఎయిర్ షోకి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే ఒకటుంది. విమానాలు ఎగిరిన సంగతి ముసలివాళ్లకి కూడా సరిగ్గా గుర్తులేదు. కోతలొచ్చాయంటే చుట్టుపక్కల పేటలవాళ్లకి అది కళ్లం. మిషను కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది, ఆరబెట్టకపోతే ఎవరూ కొనరు. ఆ చుట్టుపక్కల అంత పొడవైన గట్టి నేల ఇంకెక్కడుంది? ఇప్పుడు ఎవరో పెద్దమనుషులు కలిసి ఆ రన్‌వే గుంటలు పూడ్చి, పైన నల్లగా తారు పోయించి, పాతకాలం యుద్ధవిమానాలు తెప్పిస్తున్నారు. శనివారం ప్రదర్శన. ఏర్పాట్లన్నీ విజయవాడ నుంచి వచ్చిన ఒక ఈవెంట్ కంపెనీవి.

పెర్సిస్‌కి తన పిన్ని అచ్చాయమ్మ గుర్తొచ్చింది. రన్‌వే పక్క పేటలోనే ఉంటుంది. కౌలుకి చేస్తుంది. ఆవిడ ధాన్యం కూడా ఇప్పుడు అక్కడే ఎండుతూ ఉంటుంది. ఈ కాగితం ముక్క ఆవిడ చెవిలో తన గొంతుతో పడితే?

"ఆ కంపెనీ అబ్బాయి నంబరివ్వండి బాబాయిగారూ. నేను మాట్లాడతాను."

కంపెనీ మేనేజరు పేరు సాయిగణేష్. ఫోనులో వెనకాల సుత్తి దెబ్బలూ, కేకలూ వినబడుతున్నాయి. పెర్సిస్ చెప్పిందంతా విని హాయిగా నవ్వాడు.

"మీ ఇష్టం మేడమ్, ఎలా మార్చినా పర్లేదు. వాళ్లు లేవాలి, అంతే. రెండ్రోజుల ముచ్చట కదా."

"తర్వాత మళ్లీ ఆరబోసుకోవచ్చు కదండీ?"

"ఆ, ఎవరాపుతారు?"

"మరి పక్కకి తీస్తే మంచుకి తడిసిపోతుందండీ. కప్పుకోవడానికి బరకాలు ఏమైనా..."

"చూద్దాం మేడమ్."

"చూద్దాం అంటే ఇస్తారాండీ?"

అవతల ఎవరితోనో ఏదో అని మళ్లీ ఫోన్లోకొచ్చాడు. "ఇస్తామనే చెప్పండి. అన్నట్టు శనివారం తెలుగు కామెంటరీకి మీరే రావాలి. మీ గొంతు విన్నాక ఇంకొకర్ని అనుకోలేదు మేము."

పెర్సిస్ కాగితం వెనక్కి తిప్పి తనే రాసుకుంది. చదివేటప్పుడు పెదాల మీద చిరునవ్వు పెట్టుకుని చదివింది. నవ్వుతూ చదివితే గొంతులో నవ్వు వినబడుతుందని ఆమెకి తెలుసు.

"రైతు సోదరులకూ అక్కచెల్లెళ్లకూ నమస్కారమండీ. ఈ శనివారం మన గూడెం ఏరోడ్రోములో అలనాటి యుద్ధవిమానాల పండగ. విమానం దిగడానికి కాస్త చోటు కావాలి కదండీ! రన్‌వే మీదున్న మీ ధాన్యం దయచేసి పక్కకి మార్చుకోండి. కప్పుకోవడానికి బరకాలు ఇస్తారు. శనివారం సాయంత్రం విమానాలు వెళ్లగానే రన్‌వే మళ్లీ మీదేనండీ. పిల్లాపాపల్తో రండి. చూసి ఆనందించండి."

అమరేశ్వరరావు మెచ్చుకోలుగా తలాడించాడు. "వెళ్లగొట్టే మాటని పెళ్లిపిలుపు చేశావు కదమ్మా!"

ఆ మాట ఆమెకి నచ్చింది. ఇంటికెళ్లేదాకా దాన్నే తలుచుకుంది.

మైకులు చూసుకోవడానికి శుక్రవారం పొద్దున్నే గూడెం వెళ్లింది. స్టేషను నుంచి ఆటో ఎక్కి ఏరోడ్రోము కొత్త గేటు దగ్గర దిగేసరికి రన్‌వే దాదాపు ఖాళీ అయిపోయింది. చివర్న నలుగురైదుగురు ఆడవాళ్లు మాత్రం చెక్కలతో ధాన్యం తోసుకుంటూ పక్క పల్లంలోకి దింపుతున్నారు. వాళ్లలో అచ్చాయమ్మ ఉంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, అడుగున మిగిలిన గింజల్ని చీపురుతో గుంజుతోంది. కొత్త తారు మీద గింజ ఒక్కటి కూడా వదలడం ఇష్టంలేనట్టు వంగి మునివేళ్లతో ఏరుతోంది.

"పిన్నీ!"

అచ్చాయమ్మ నడుం నిలబెట్టి, మొహం విప్పార్చింది. పక్కవాళ్లని కేకేసింది. "ఏవే, చూడండి! ఆటోలో మాట్లాడింది ఈవిడే. మా అక్క కూతురు. మీరు నమ్మలేదుగా!"

ఆడవాళ్లు చెక్కలు వదిలి దగ్గరికొచ్చారు. ఒకామె పెర్సిస్ నోటికేసి వింతగా చూసింది.

"మొన్న జీపులో ఎవరో వచ్చి గొంతు చించుకుని అరిచి వెళ్లారే," అంది అచ్చాయమ్మ. "ఒక్కరం కదిలితే ఒట్టు. మేం కదలం, ధాన్యం మీంచి దించుకోండి విమానం అన్నాం. మా పక్కింటి వరదానమైతే బండరాళ్లు పట్టుకొచ్చి అడ్డం పెట్టాడు. మర్నాడు నీ ఆటో వచ్చింది. నేనే చెప్పాను అందరికీ, మన పెర్సమ్మ చెప్తే అబద్ధం ఉండదు, రెండ్రోజులు ఓర్చుకుందాం అని. వరదానం కూడా సరే అన్నాడు. రాళ్లు వాడే తీసేశాడు."

పెర్సిస్ ఒళ్లు పులకరించింది. జీపు చేయలేనిది తను చేసిందన్నమాట.

పల్లంలో రాశులు వరసగా ఉన్నాయి. కొన్నిటి మీద పాత చీరలు, చినిగిన ఎరువుల సంచులు కప్పారు. కొన్ని ఊరికే ఉన్నాయి. కింద నేల ఇంకా చెమ్మగానే ఉంది. అచ్చాయమ్మ పాదంతో మట్టి నొక్కి చూపించింది. వేళ్ల సందుల్లోంచి నీరు ఊరింది.

"బరకాలు ఎప్పుడిస్తారే? కింద ఒకటీ, పైనొకటీ వేస్తేగానీ ఆగదిది."

"అడిగి వస్తానుండు పిన్నీ."

సాయిగణేష్ స్టేజీ దగ్గర ఉన్నాడు. పాతికేళ్లుంటాయేమో, మెడలో రెండు ఫోన్లు వేలాడుతున్నాయి. "లారీ దారిలో ఉంది మేడమ్," అన్నాడు ఆమె ప్రశ్న పూర్తికాకముందే. "మీరు ముందు అటు చూడండి."

అటు చూసింది. ఆకాశంలో ఒక చుక్క. చుక్కకి రెక్కలొచ్చాయి. పెద్ద మోత కూడా లేదు, కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఒక తేలిక చప్పుడు. రెక్క మీద రెక్క ఉన్న చిన్న వెండిరంగు విమానం చెట్ల మీంచి తేలుతూ వచ్చి, కాస్త అటూ ఇటూ ఊగి, రన్‌వే మీద ఒకసారి గెంతి, ఆగింది. ఇంతకుముందు పెర్సిస్ చూసిన విమానాలన్నీ కొల్లేటి మీదుగా గన్నవరం వెళ్లేవే. ఎక్కడో ఎత్తున, ఎవరికీ సంబంధం లేనట్టు పోయేవి. ఇదేమో తనకోసమే వచ్చి వాకిట్లో వాలినట్టుంది.

అందులోంచి తెల్లమీసాల పెద్దాయన ఒకాయన దిగాడు. తోలు టోపీ తీసి, చెమట తుడుచుకున్నాడు. ఆమె నిలబడి చూస్తున్న తీరు చూసి, రమ్మని చెయ్యి ఊపాడు. బెంగుళూరు ఆయన. తెలుగు కొంచెం కొంచెం వచ్చు.

"దీని పేరు టైగర్ మాత్. ముట్టుకో అమ్మా. కరవదు."

పెర్సిస్ కింది రెక్క మీద అరచెయ్యి ఆనించి, ఉలిక్కిపడి తీసేసింది. ఇనుము చల్లదనం ఉంటుందనుకుంది. గంజి పెట్టి ఆరేసిన చీర తగిలింది.

"గుడ్డేనాండీ ఇది?"

"గుడ్డే. లోపల కర్ర. పైన రంగు." ఆయన వేలితో కొట్టాడు. డప్పులా మోగింది. "ఆ కాలంలో పైలట్లు అందరూ దీనిమీదే నేర్చుకున్నారు. తరవాత యుద్ధం. చాలామంది తిరిగి రాలేదు. ఇది మాత్రం ఉంది."

రెక్క కిందికి వంగి చూసింది. కర్రపుల్లల వెంట గుడ్డని వరసగా కుట్టిన కుట్లు కనబడుతున్నాయి. ఎవరో చేత్తో కుట్టినవి. ఆ కుట్ల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది. నూనె వాసన, పాత తోలు వాసన, ఎండలో కాగిన రంగు వాసన. పెద్దాయన ఆమెని నిచ్చెన ఎక్కించి, ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కాళ్ల మధ్య ఒక కర్ర ఉంది. దాన్ని పక్కకి వంచితే దూరాన రెక్క చివర ఒక ముక్క లేచింది. తన చేతి కదలిక అంత దూరం వెళ్లడం చూసి చిన్నపిల్లలా నవ్వేసింది. ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు. తర్వాత పసుపు రంగు హార్వర్డ్ విమానం కూడా వచ్చి దిగింది. అది పులి. దాని గాండ్రింపుకి స్టేజీ మీద గుడ్డలు కూడా అదిరాయి. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్లు మాత్రం ఇంతలు చేసుకుని చూసింది.

తిరిగి రైలెక్కి కూర్చున్నాక గాని బరకాల లారీ వచ్చిందో లేదో చూడలేదని గుర్తుకు రాలేదు. ఫోను తీసింది. పిన్నికి చేస్తే, రాలేదంటే ఏం చెప్పాలి? వచ్చే ఉంటుందిలే అనుకుని ఫోను సంచిలో వేసేసింది. రేపు చెప్పబోయే మాటలు పైకే అనుకుంటూ కూర్చుంది.

శనివారం గూడెం రోడ్లన్నీ ఏరోడ్రోముకే పోయాయి. గుండుగొలను, భీమడోలు, పెంటపాడు, ఎక్కడెక్కడి నుంచో ట్రాక్టర్ల మీద జనం. పాసులున్నవాళ్లకి కుర్చీలు, షామియానా. లేనివాళ్లు కర్రల కంచె అవతల. కంచె అవతల ఎత్తుగా ఉన్నవి ధాన్యం రాశులే. వాటి అంచుల మీద, గట్ల మీద, ట్రాక్టరు తొట్లలో జనం కిటకిటలాడుతున్నారు.

పెర్సిస్ ఉప్పాడ చీర కట్టుకుంది. మొదటిసారి తన గొంతు వినబడే చోట తను కనబడింది. మొదటి మాటకి తడబడింది. రెండో మాటకి సర్దుకుంది.

మెకానిక్కు ఒకతను టైగర్ మాత్ ముందుకెళ్లి రెండు చేతులతో పంకా రెక్క పట్టుకుని కిందికి లాగి వెనక్కి గెంతాడు. అంటుకోలేదు. మళ్లీ లాగాడు. మూడోసారి టకటకమని అందుకుంది.

"చూశారాండీ! దీనికి తాళంచెవి లేదు, బటనూ లేదు. మనం మోటారింజను తిప్పినట్టే చేత్తో తిప్పారు. ఇనుపపక్షి కాదండీ ఇది. కర్రకి గుడ్డ చుట్టి, కుట్టు కుట్టి, రంగు పూసిన పక్షి. మన మగ్గం గుడ్డలాంటి గుడ్డ మీద కూర్చుని ఆ పెద్దాయన మబ్బుల్లోకి పోతున్నారు!"

జనం ఈలలు వేశారు. చిన్న విమానం గాలిలో ఒక పక్కకి ఒరిగి, వాళ్ల తలల మీద గుండ్రంగా తిరిగింది. పెద్దాయన చెయ్యి బయటపెట్టి ఊపాడు. అది కనిపించేంత కిందుగా వెళ్లింది. తర్వాత హార్వర్డ్ లేచింది. కంచె మీంచి దూసుకుపోతూ ఒక్కసారిగా ముక్కు పైకెత్తి నిట్టనిలువునా ఎక్కి, అక్కడ ఒక్క క్షణం ఆగిపోయినట్టయి, బోర్లా తిరిగి కిందికి జారింది. వేలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం పెర్సిస్ మైకు ముందు నిలబడే విన్నది. ఆ సమయంలో ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడమే బాగుందని తర్వాత సాయిగణేష్ అన్నాడు. నిజానికి ఆమెకి మాట రాలేదు. కళ్ల వెంట నీళ్లొచ్చాయి. సంతోషానికో, గాలికో.

కంచె అవతల తన రాశి పక్కన అచ్చాయమ్మ నిలబడి ఉంది. తువ్వాలు తీసి గాలిలో గిరగిరా తిప్పుతోంది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. రాశి మీద చిరిగిన చీర తప్ప ఏమీ లేదు. పెర్సిస్ చూసింది. చూసి, మళ్లీ ఆకాశంకేసి తల తిప్పింది. అప్పుడే డకోటా వస్తోంది. కొల్లేరు మీద గూడబాతుల్ని లేపుకుంటూ వస్తోందని తను చెప్పాల్సి ఉంది. చెప్పింది. లావుపాటి రెండింజన్ల విమానం నిదానంగా, పెద్దముత్తైదువులా వచ్చి వెళ్లింది.

తూర్పున మబ్బు కమ్ముకుంటోంది. ఆఖరున ముఖ్య అతిథి స్టేజీ ఎక్కాడు. ఊరికి రాబోయే మంచిరోజుల గురించి చాలాసేపు చెప్పాడు. "ఇంతకాలం ఈ రన్‌వే ధాన్యం ఆరబోసుకునే చోటుగా మిగిలిపోయింది. ఇవాళ్టితో ఆ రోజులు పోయాయి. చుట్టూ గోడ కడతాం, కాపలా పెడతాం. ఇకమీద ఇది విమానాలది!" అన్నాడు.

పెర్సిస్ అప్పుడు నీళ్లు తాగుతోంది. ముఖ్య అతిథి మాట ఆపగానే ఏం చేయాలో ఆమెకి అలవాటే. సీసా కింద పెట్టి మైకు అందుకుంది.

"గట్టిగా చప్పట్లండీ!"

షామియానా కింద కొట్టారు. ఆ గొంతు అడిగిందని కంచె అవతలివాళ్లూ కొట్టారు. అచ్చాయమ్మ తువ్వాలు భుజాన వేసుకుని రెండు చేతులూ ఎత్తి కొట్టింది. అప్పుడు తట్టింది పెర్సిస్‌కి, తను దేనికి చప్పట్లు అడిగిందో. మైకు ఇంకా చేతిలోనే ఉంది. తర్వాతి మాట బహుమతుల గురించి. అదే చదివింది.

చీకటి పడకముందే వాన మొదలైంది. ఏలూరు స్టేషనులో దిగుతుంటే అచ్చాయమ్మ ఫోను.

"పెర్సమ్మా, విమానాలు వెళ్లిపోయాయి కదా, ధాన్యం పైకి లాగుదామని వెళ్తే గేటుకి తాళం వేసి ఉందే. వాచ్‌మన్ తియ్యనంటున్నాడు. నువ్వు చెప్పావని చెప్పాను. నువ్వెవరో తెలీదంట వాడికి. వానొచ్చేస్తోందే. ఒక్కసారి వాడితో మాట్లాడు, నీ గొంతు వింటే..."

వాచ్‌మన్‌తో మాట్లాడింది. "మంచిదేనండి, పైవాళ్లతో చెప్పించండి," అన్నాడు అతను మర్యాదగానే. సాయిగణేష్‌కి చేసింది. "మా ఈవెంట్ అయిపోయింది మేడమ్, మేం విజయవాడ వచ్చేశాం. సైటు హ్యాండోవర్ చేసేశాం. మీ కామెంటరీ అదిరింది, వీడియో పంపిస్తాను," అన్నాడు. అమరేశ్వరరావుకి చేసింది. ఆయన నిట్టూర్చాడు. "మనకేం సంబంధం అమ్మా అందులో?" వాన హోరులో స్టేషను రేకుల కింద నిలబడి ఇంకెవరికి చేయాలో తెలియక ఫోనులో పేర్లు పైకీ కిందికీ జరుపుతూ ఉండిపోయింది.

ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవాల్సింది ఆమే. ఎత్తుకోలేదు. పక్కనున్న జెస్సీ రెండుసార్లు మోచేత్తో పొడిచి, చివరికి తనే మొదలుపెట్టింది. బయట వాన పడుతూనే ఉంది.

సోమవారం వాన తెరిపిచ్చింది. షాపుకి వెళ్లేసరికి అమరేశ్వరరావు కొత్త కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె మొహంకేసి చూడలేదు. రన్‌వేలోకి ఎవరూ ప్రవేశించరాదు, రోడ్ల పక్కన కూడా ధాన్యం ఆరబోయరాదు, అతిక్రమిస్తే చర్యలు. అదే సారాంశం.

"నేను చదవనండీ."

"ఈసారి కూడా నీకు నచ్చినట్టు మార్చుకో అమ్మా. నవ్వుతూ చెప్పు."

"నవ్వుతూ చెప్పబట్టేనండీ ఇంతపనీ అయ్యింది. జీపుకి కదలనివాళ్లు నాకు కదిలారు."

"నువ్వు కాకపోతే ఇంకొకరు చదువుతారు. నాలుగూళ్ల ఆటోలు ఇదే షాపు మీద బతుకుతున్నాయి. కాదంటే మళ్లీ మనల్ని పిలుస్తారా?"

"ఇంకొకర్నే చదవమనండి."

అమరేశ్వరరావు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చెడ్డమనిషి కాదు. ఆమె తండ్రి యోసేపు పోయినప్పుడు మైకుసెట్టు ఊరికే పంపించినవాడు. "సరేనమ్మా, నీ ఇష్టం," అన్నాడు చివరికి.

పెర్సిస్ మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. వాన వెలిసిన ఎండ మొహాన పడింది. మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండుగా అందినట్టనిపించింది. ఒక్క మాటైనా కాదనగలిగింది. రేపు పిన్ని దగ్గరికి వెళ్లాలి, కాళ్లు పట్టుకోవాలన్నా పట్టుకోవాలి అనుకుంది.

మంగళవారం గూడెంలో ఎండ కాసింది గాని వేడి లేదు. ఏరోడ్రోము గేటు బయట, పేటలోకి పోయే తారురోడ్డు మీద సగం మేర తడిధాన్యం పోసి ఉంది. బైకులు పక్కనుంచి జాగ్రత్తగా పోతున్నాయి. దూరం నుంచే పులిసిన వాసన. ఆడవాళ్లు ధాన్యంలో వరసగా నడుస్తూ పాదాలతో సాళ్లు తీస్తున్నారు. గేటు ఊచల్లోంచి చూస్తే లోపల రన్‌వే నల్లగా, శుభ్రంగా, పొడిగా ఉంది.

అచ్చాయమ్మ రోడ్డు వార కూర్చుని, అంటుకుపోయిన గింజల ఉండల్ని చేత్తో విడదీస్తోంది. పెర్సిస్ పక్కన కూర్చుని తనూ ఒక ఉండ తీసుకుంది. లోపల వెచ్చగా ఉంది. గింజల కొసల్లోంచి తెల్లటి మొలకలు వచ్చి ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. లాగితే పటపటా తెగాయి.

"పొద్దున కొనేవాళ్ల మనిషి వచ్చాడు," అంది అచ్చాయమ్మ. "ఇన్ని గింజలు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, కింద పోసేసి వెళ్లిపోయాడు. కోళ్లకి పనికొస్తుందేమో చూడమన్నాడు."

"పిన్నీ, వాళ్లు నాతో అన్నదే నేను..."

"తెలుసులేవే." అచ్చాయమ్మ ఉండ విడదీస్తూనే ఉంది. "నీ తప్పేముంది? ఎవరో చెప్పమన్నారు, చెప్పావు." ఇంకో ఉండ అందుకుంటూ అంది, "ఆ పసుపు విమానం మాత్రం భలే తిరిగిందే. రాశి తడుస్తుంటే కూడా కళ్లముందు అదే తిరిగింది. సిగ్గులేదు చూడు నాకు."

తిట్టినా బాగుండేదనిపించింది పెర్సిస్‌కి.

అప్పుడు రోడ్డు మలుపులో మైకు వినబడింది.

"రన్‌వేలోకి... ఎవరూ... ప్రవేశించరాదు. రోడ్డు పక్కన... ధాన్యం... ఆరబోసినవారు... తక్షణమే... తొలగించవలెను."

పెర్సిస్ చేతిలో ఉండ జారిపోయింది. అది ఆమె గొంతే. 'ప్రవేశించరాదు' ఎగ్జిబిషను టిక్కెట్ల ప్రచారంలోది. 'తక్షణమే' ఇంటిపన్ను కట్టమని చెప్పినప్పటిది. 'తొలగించవలెను' ఎప్పటిదో ఆమెకే గుర్తు లేదు. 'రన్‌వే', 'ధాన్యం' మాత్రం మొన్నటివి. ఆ రెండు మాటల్లోనూ నవ్వు అలాగే ఉంది. ఇన్నేళ్లుగా ఆ తివాచీల గదిలో చదివినవన్నీ అమరేశ్వరరావు కంప్యూటర్లో ఉన్నాయి. కావలసిన మాటలు కోసి అతికిస్తే చాలు. ఇంకొకరిని పిలవాల్సిన పని లేకపోయింది.

"అది నేను కాదు పిన్నీ," అంది. "నేను చదవనని వచ్చేశాను. ఒట్టు. అది నేను చెప్పలేదు."

అచ్చాయమ్మ ఆమెకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది.

"నీ గొంతు నాకు తెలీదా అమ్మా?"

పెర్సిస్ లేచి పరుగెత్తి ఆటోకి అడ్డం నిలబడింది. డ్రైవరు వెంకట్రాజు బ్రేకు వేసి నవ్వాడు. "మీరాండీ! మీదే కదండీ, పొద్దున షాపులో ఇచ్చారు."

"అది ఆపవయ్యా. చేతిమైకు ఇలా ఇవ్వు."

వెంకట్రాజు ఏమీ అడగలేదు. ఆమె గొంతుకి మైకు ఇవ్వడంలో అడగాల్సిందేముంది? పాట ఆపినట్టు పెన్‌డ్రైవ్ ఆపి, సీటు కింది మైకు తీసి అందించాడు. పెర్సిస్ రెండు చేతులతో పట్టుకుంది.

"నమస్కారమండీ, నేను పెర్సిస్‌ని. ఇందాక మీరు విన్నవి నేను చెప్పిన మాటలు కావండీ. దయచేసి ధాన్యం తీయకండి..."

బాకా రోడ్డు పొడుగునా ఆమె గొంతుని తీసుకెళ్లింది. దూరాన సాళ్లు తీస్తున్న ఆడవాళ్లు 'నమస్కారమండీ' దగ్గరే ఆగిపోయారు. ఒకామె చీపురు అందుకుంది. వరదానం చెక్క తీసుకుని ధాన్యం దగ్గరకి తోయడం మొదలుపెట్టాడు. ఇంకొకామె గోనెసంచి మూతి తెరిచి పట్టుకుంది. వాళ్లెవరూ ఇటు చూడటం లేదు, మాటలు వినిపించుకోవడం లేదు. ఆ గొంతు ఏం చెబుతుందో వాళ్లకి తెలుసు.

"తీయకండి! మీ ధాన్యం తీయకండీ! ఎవరూ కదలొద్దు!"

ఎంత గట్టిగా అంటే అంత దూరం వినబడింది. ఎంత దూరం వినబడితే అంత దూరం చెక్కలు కదిలాయి. పేట మొదట్లో కూర్చున్నవాళ్లు కూడా లేచి సంచులు దులుపుతున్నారు.

పెర్సిస్ మైకు దించి వెనక్కి తిరిగి చూసింది. ఆమె అన్న మాటలు నిజంగా విన్నది, పెదాలు కదలడం దగ్గర్నుంచి చూసింది అచ్చాయమ్మ ఒక్కతే. ఆవిడ కొంతసేపు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. అటు జనాన్ని చూసింది, ఇటు హారన్ కొడుతున్న బైకుల కుర్రాళ్లని చూసింది. తర్వాత వంగి, తన ధాన్యం అంచుని రెండు చేతులతో దగ్గరకి లాక్కోవడం మొదలుపెట్టింది.